సున్నా గీత

మా లోయలో ఎర్సీలియా పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆమె చేతి బీరు కాదు, ఆమె చాదస్తం. బడి వంటింట్లో నూట ఇరవై మంది పిల్లలకు వండిపెట్టే మనిషి, ఉప్పును కూడా చెంచాతో తీసి, అంచు మీద వేలు రాసి చదును చేసి గాని గిన్నెలో వెయ్యదు. "పిడికిలితో వేస్తే పాపం తగుల్తుందా ఏంటి?" అని తోటి వంటావిడ ఎకసెక్కమాడితే, "నీ పిడికిలి కోపమొచ్చిన రోజు ఒకలా, నవ్వొచ్చిన రోజు ఒకలా ఉంటుంది. నా చెంచాకు ఆ రోగం లేదు" అనేది. అంతటి మనిషిని గ్లాసెడు నీళ్ళు నిలువునా ముంచాయి. ఆ నీళ్ళ సంగతే ఇది.

తొమ్మిదో ఏట తల్లి రొసౌరా వెంట హాప్స్ తోటలోకి అడుగుపెట్టింది ఎర్సీలియా. బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఆ పచ్చటి పూలను తీగల మీంచి తెంపి గోతాలు నింపడమే అప్పట్లో మా లోయలో వేసవి చివర అందరి పనీ. రొసౌరా చేతులు ఎంత వేగమంటే, తోట మేస్త్రీ వెన్చో "ఈవిడకు నాలుగు చేతులున్నాయి, రెండు జేబులో దాచుకుంది" అనేవాడు. తర్వాత కోత యంత్రాలొచ్చాయి, తోటలు తగ్గాయి. ఎర్సీలియా బడిలో వంటకు చేరింది, పెళ్ళి చేసుకుంది. మొగుడు ఆన్సెల్మో దక్షిణాన చమురు బావుల్లో పనికని వెళ్ళి, అక్కడే ఇంకో పొయ్యి వెలిగించుకున్నాడు. ఆమె ఏడవలేదని చెప్పను. ఏడ్చింది. ఏడ్చి, వంటింటికి ఆనుకుని ఉన్న కొట్టుగదిలోంచి ఆయనగారి బూట్లు బయట పారేసి, గది కడిగి, అందులో బీరు కాయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు పూలకోత పండగలో లాటరీ తీశారు. మొదటి బహుమతి బతికున్న గొర్రెపోతు, రెండోది రిఫ్రాక్టోమీటర్. ఎర్సీలియాకు రెండోది తగిలింది. చేతికందిన గొర్రె పోయిందని రొసౌరా వారం రోజులు సణిగింది. "ఆ ఇనప గొట్టం నిప్పుల మీద పెడితే కొవ్వు కారుతుందా?" అని వచ్చిన వాళ్ళందరినీ అడిగింది.

జానెడు గొట్టం అది. ఒక చివర ఏటవాలుగా గాజుపలక, దాని మీద రెప్పలాంటి మూత. పలక మీద రెండు చుక్కల రసం వేసి, మూత దించి, వెలుతురు వైపు పట్టుకుని రెండో చివర కన్ను పెడితే లోపల మెట్లు మెట్లుగా అంకెలు కనిపిస్తాయి. పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే చోట ఉన్న గీతే రసంలో తీపి ఎన్ని డిగ్రీలో చెబుతుంది. బార్లీ మాల్టు నానబెట్టి తీసిన రసంలో ఎంత తీపి ఉందో తెలిస్తే, ఈస్టు తిన్నాక ఎంత మత్తు వస్తుందో తెలుస్తుంది. బీరు కాచేవాడికి అంతకంటే ఏం కావాలి?

కానీ ఆ గొట్టం ఊరికే నిజం చెప్పే రకం కాదు. మొదట్లో ఎర్సీలియాను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. సలసల కాగే రసం చుక్కను నేరుగా పలక మీద వేసేది. ఆ వేడికి చుక్కలో నీరు ఆవిరైపోయి, ఉన్నదానికంటే ఎక్కువ అంకె వచ్చేది. ఇంకోసారి బీరు పులుస్తుండగా చూస్తే గీత ఆరు దగ్గర మొరాయించింది. ఈస్టు చచ్చిందనుకుని మళ్ళీ ఈస్టు పోసింది, దుప్పటి కప్పింది, పొయ్యి పక్కకు జరిపింది, చివరికి దణ్ణం కూడా పెట్టింది. అది అప్పటికే పులిసి కూర్చున్న బీరు. రసంలోకి మత్తు చేరాక గొట్టం లెక్క తప్పుతుందనీ, అప్పుడొచ్చే అంకెను పట్టికలో చూసి సరిచేసుకోవాలనీ చెప్పినవాడు ఒకప్పటి తోట మేస్త్రీ దోన్ వెన్చోనే; మా దగ్గర పెద్దవాళ్ళను గౌరవంగా దోన్ అంటాం. తోట పని మానాక ఆ ముసలాయన మా వీధి చివర ఇంట్లో బీరు కాచుకుంటూ, అందరినీ తిట్టుకుంటూ బతుకుతున్నాడు.

ఆయన నేర్పిన పద్ధతులు ఎర్సీలియా కొట్టుగది తలుపు మీద సుద్దముక్కతో రాసుకుంది. గిన్నె అడుగు నుంచి కలుపు. చుక్కను చెంచాలో చల్లార్చు. బుడగ లేకుండా మూత దించు. అరనిమిషం ఆగు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో రాసుకున్నది ఒకటుంది: పనికి ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి, గీతను సున్నా మీదికి తిప్పు. ఆ తర్వాత ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఇక రొసౌరా సంగతి. మా దగ్గర పొద్దు పొడిస్తే మాతె. సొరబుర్రలో మాతె అనే చేదు ఆకు పొడి వేసుకుని, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు పోసుకుని, లోహపు గొట్టంతో పీల్చడం. ఒకరు పోసి ఇస్తుంటే ఒకే బుర్ర చేతులు మారుతుంది. బుర్ర తిరిగిస్తూ "గ్రాసియాస్" అన్నారంటే కృతజ్ఞత కాదు, ఇక నాకు చాలు, నన్ను వదిలెయ్యి అని. డెబ్బై ఎనిమిదేళ్ళ రొసౌరా తన జన్మలో మాతె తాగుతూ ఆ మాట అన్న పాపాన పోలేదు. ఫ్లాస్కు అడుగంటితేనే ఆవిడ ఆపేది. పైగా తల్లిది తీపి మాతె, కూతురిది చేదు మాతె. రొసౌరా పంచదారను ఏకంగా ఫ్లాస్కులోనే పోసి కలిపేసే రకం. అందుకే ఆ ఇంట్లో రెండు ఫ్లాస్కులు, రెండు మతాలు.

షుగర్ వ్యాధి పదేళ్ళుగా ఉన్నదే. ఈ ఫిబ్రవరిలో, అంటే మా దగ్గర వేసవి చివర, ఆవిడ కుడి కాలి బొటనవేలు నల్లబడింది. లోయకు అవతల పెద్దూళ్ళో ఉన్న డాక్టరు నీలం పెన్ను తీసి ఆ నలుపు చుట్టూ గీత గీశాడు.

"ఇది ఈ గీత దాటకూడదు. షుగర్ రెండొందల లోపుకు దిగాలి. మూడు వారాలు చూద్దాం. మూడో శుక్రవారం తీసుకురా. దాటిందా, పాదం ఉంచలేను."

"దించుతాను డాక్టర్" అంది ఎర్సీలియా. కొలిచే పని కదా, అది తన పనే అనుకుంది.

ఆ సాయంత్రమే వంటిల్లు ఊడ్చేసింది. పంచదార డబ్బా, జామ్ సీసాలు, పాలతీపి, తెల్ల రొట్టె, బిస్కెట్లు, అన్నీ సంచిలో వేసి పొరుగింటికి ఇచ్చేసింది. తల్లికి ఉడకబెట్టిన గుమ్మడి, గుడ్డు, ఆకుకూర, కాస్త మాంసం, అన్నీ తూకం వేసి పెట్టింది. పొద్దున్నే ఫ్లాస్కులో ఉత్త వేణ్ణీళ్ళు పోసి తల్లి కుర్చీ పక్కన పెట్టి బడికి పోయేది. సాయంత్రం వచ్చి ఆ ఫ్లాస్కులోంచే తన చేత్తో తల్లికి మాతె పోసి ఇచ్చేది. వింత ఏమిటంటే రొసౌరా నోరెత్తలేదు. గొర్రె కోసం వారం సణిగిన మనిషి, పంచదార పోతే కిక్కురుమనలేదు. "పాపం, భయపడింది" అనుకుంది కూతురు.

రోజూ పొద్దున వేలు గుచ్చి మీటర్లో చూసేది. మూడు వందల పది. మర్నాడు మూడు వందల నలభై. ఆ మర్నాడు మూడు వందల ముప్పై.

రొట్టె పూర్తిగా ఆపింది. గుమ్మడి సగం చేసింది. మాత్రలు గంట కొట్టినట్టు వేసింది. మూడు వందల ఇరవై. మా ఊరి చిన్నాసుపత్రి నర్సు అనుమానంగా చూసి, "ఇంట్లో తీపి ఏమైనా పెడుతున్నావా ఎర్సీలియా?" అని అడిగితే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"చీమక్కూడా పెట్టట్లేదు. మీరిచ్చిన ఈ మీటరే చెడిపోయింది!"

నర్సు కొత్త మీటరిచ్చింది. అదీ మూడు వందల ఇరవై అంది.

కాలి మీద గీత స్నానానికి చెరిగిపోతుంటే ఎర్సీలియా అదే గీత మీద రోజూ మళ్ళీ గీసేది. పన్నెండో రోజున నలుపు గీతకు ఆనుకుని నిలబడింది. ఉప్పును చెంచా అంచుకు చదును చేసే ఆ మనిషి, ఆ రోజు గీతను వెంట్రుక మందం బయటికి గీసింది. తల్లి కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చుంది, గమనించలేదు. ఎర్సీలియా వాకిట్లోకి వెళ్ళి కట్టెల దుంగ మీద కూర్చుని, నోటికి అప్రాను అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "దేవుడా, నేనేం తక్కువ చేశాను, ఎక్కడ తప్పాను, చెప్పు, సరిచేసుకుంటాను" అని గొణుక్కుంది. ఎవరు చెబుతారు?

"బీరు కాయవేమే ఈ ఏడు?" అంది తల్లి ఆ రోజు సాయంత్రమే. "కోత అయిపోయింది. పూలకోత పండగ విందులో అందరిళ్ళ నుంచీ బీరొస్తుంది, మన ఇంటి నుంచి ఏం పంపుతావు, నా మందు బిళ్ళలా? ఇల్లంతా ఆసుపత్రి కంపు. ఆ మాల్టు వాసనైనా రానీ."

ఎర్సీలియాకూ కాయాలనే ఉంది. ఎందుకంటే ఆ ఇంట్లో చెప్పిన మాట వినే అంకె అదొక్కటే మిగిలింది. పన్నెండు డిగ్రీలు రావాలంటే వస్తుంది. మాల్టు తెచ్చింది, ఈస్టు తెచ్చింది. చివర్లో సీసాల్లో నురగ పుట్టడానికి వేసే గ్లూకోజ్ పొడి రెండు కిలోల సంచి పోయిన నెలే తెచ్చి కొట్టుగదిలో డబ్బాలో పోసి పెట్టింది. అది బీరు సరుకు. వంటింటి సరుకు కాదు. ఊడ్చేసిన రోజున దాని మీదికి ఆమె చూపు పోనే లేదు.

శనివారం పొద్దున, డాక్టరు గడువుకు ఆరు రోజులుందనగా, పొయ్యి వెలిగించింది. చూస్తే డిస్టిల్డ్ వాటర్ సీసా ఖాళీ. బ్యాటరీల షాపుకు పోతే అక్కడా లేవు, సోమవారం రమ్మన్నారు. తిరిగొచ్చి కుళాయి విప్పబోయి, వద్దనుకుంది. కొండ నీళ్ళలో ఉప్పులుంటాయి, దోన్ వెన్చో తిడతాడు. అప్పుడు వంటింటి గట్టు మీద తల్లి ఫ్లాస్కు కనపడింది. కడగడానికి తెచ్చి పెట్టింది. అడుగున నిన్నటి నీళ్ళు గ్లాసెడు మిగిలి, పూర్తిగా చల్లబడి ఉన్నాయి. మరిగి చల్లారిన నీళ్ళు, ఇంతకంటే శుభ్రమైనవి ఎక్కడ దొరుకుతాయి అనుకుంది. రెండు చుక్కలు పలక మీద వేసి కన్ను పెట్టింది. గీత సున్నాకు ఎక్కడో పైన ఉంది.

మామూలుగా గొట్టం మీదున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పితే సరిపోయేది. ఈసారి తిప్పుతూనే ఉంది, తిప్పుతూనే ఉంది. "ఎవరో కింద పడేసుంటారు" అని విసుక్కుని, గీతను సున్నా మీద కూర్చోబెట్టింది.

మాల్టు నానబెట్టింది, రసం వడకట్టింది, కాచింది. అడుగు నుంచి కలిపి, చుక్కను చెంచాలో చల్లార్చి, బుడగ లేకుండా మూత దించి, అరనిమిషం లెక్కపెట్టి చూసింది.

ఏడు.

పలక తుడిచి మళ్ళీ చూసింది. ఏడే. ఇంకో చోటి నుంచి రసం తీసింది. ఏడు. పన్నెండు రావలసిన చోట ఏడా? మాల్టు పాతదా? నీళ్ళ వేడి తప్పిందా? ఎక్కువసేపు మరిగిస్తే చిక్కబడుతుందని మంట పెంచింది. గంటన్నరకు తొమ్మిది. ఇంకో గంటకు గిన్నెలో రసం చాలా కిందికి దిగిపోయింది, అంకె మాత్రం పదకొండు దగ్గరే ఆగిపోయింది. చుట్టూ ఆవిరి, చెమట, మాడు వాసన. పక్కనున్న బక్కెట్‌ను ఒక్క తన్ను తన్నింది.

"ఏమైందే?" వంటింట్లోంచి తల్లి కేక.

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఆ బక్కెట్ నిన్నేమందని తన్నావు?"

"ఒక్క అంకె కూడా నా మాట వినట్లేదమ్మా! నీ రక్తం వినదు, నా రసం వినదు. ఎన్నాళ్ళే నాకీ శిక్ష?" అని అరిచేసింది.

పొయ్యి ఆర్పింది. ఒక సీసాలో రసం చల్లార్చి పోసుకుని, గొట్టం జేబులో వేసుకుని వీధి చివరికి నడిచింది.

"దోన్ వెన్చో, ఉన్నారా?"

"లేను. పోయి మూడ్రోజులైంది. పూలు తెచ్చావా?" అన్నాడు ముసలాయన లోపలి నుంచి. ఆమె మొహం చూడగానే వేళాకోళం మానేశాడు. "కూర్చో. అమ్మ కాలు సంగతేనా?"

"కాలు అలాగే ఉంది. ఇప్పుడు ఇదీ చెడింది. ఈ గొట్టం చచ్చింది దోన్ వెన్చో. రోజంతా కాచినా పదకొండు దాటట్లేదు."

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు, వేలితో రుచి చూసి కళ్ళు చిట్లించాడు. లోపల్నించి ఆయన పాత పనిముట్టు తెచ్చాడు. పొడుగాటి గాజు గ్లాసు, అందులో తీపి పెరిగేకొద్దీ పైకి తేలే అంకెల గాజుపుల్ల. రసం పోసి పుల్ల వదిలాడు. అది ఊగి ఊగి నిలబడింది.

"పదహారు" అన్నాడు. "ఇది బీరేనా, గుర్రాలకు పట్టించే మందా?"

"కాదు. పదకొండు."

"ఈ పుల్లకు నా మీద పగ ఉందేమో గానీ నీ మీద ఎందుకుంటుందే? ఏదీ, ఆ గొట్టం ఇలా తే."

ఆయన బీరువాలోంచి డిస్టిల్డ్ వాటర్ తీసి రెండు చుక్కలు పలక మీద వేశాడు. కిటికీ వైపు తిరిగి చూసి, కన్ను నలుపుకుని, మళ్ళీ చూశాడు.

"గీతే లేదు. అంతా నీలమే. సున్నాకు కింద ఎక్కడికో దిగిపోయింది." మరను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు... ఇదిగో, ఐదు డిగ్రీలు ఎక్కితే గాని సున్నాకు రాలేదు. గొట్టానికి ఏ జబ్బూ లేదు. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా? ఏ నీళ్ళతో సున్నా పెట్టావు?"

"మంచి నీళ్ళే. మరిగి చల్లారినవి. డిస్టిల్డ్ వాటర్ అయిపోతే అమ్మ ఫ్లాస్కులోవి వేశాను."

వెన్చో పకపకా నవ్వాడు. "రొసౌరా ఫ్లాస్కులో నీళ్ళా! బాగుంది! తోటలో ఆవిడ మూత తీస్తే తేనెటీగలన్నీ పూలు వదిలేసి..." అని సగంలో ఆగిపోయాడు. నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

ఎర్సీలియా గొట్టాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. ఐదు డిగ్రీలంటే లీటరుకు యాభై గ్రాముల తీపి. ఆ లెక్క ఆమెకు ఆయన చెప్పనక్కర్లేదు.

"ఇంట్లో పంచదార లేదు" అంది మెల్లిగా. "ఒక్క పలుకు లేదు దోన్ వెన్చో. నేనే తీసేశాను."

"కూర్చో అమ్మాయీ. కాసిని నీళ్ళు తాగు."

ఆమె అప్పటికే వాకిలి దాటింది.

ఇంట్లో రొసౌరా పొయ్యి పక్క కుర్చీలో, కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని కునుకు తీస్తోంది. పక్కన ఆవాళ్టి ఫ్లాస్కు. పొద్దున ఎర్సీలియా తన చేత్తో కడిగి, ఉత్త వేణ్ణీళ్ళు పోసి ఇచ్చిన ఫ్లాస్కు. చప్పుడు కాకుండా మూత తీసి, చెంచాలో కాసిని నీళ్ళు ఒంపుకుంది. చల్లారేదాకా ఆగింది. పలక మీద చుక్క వేసింది, మూత దించింది, అరనిమిషం ఆగింది. అలవాటు చొప్పున ఆగిందే గాని, ఆగాల్సిన పనేముంది?

ఆరున్నర.

కొట్టుగదిలోకి వెళ్ళి గ్లూకోజ్ డబ్బా మూత తీసింది. రెండు కిలోల పొడి అడుగున నాలుగు వేళ్ళ మందం మిగిలింది. తను వెన్చో ఇంటికి పోయిన కాసేపట్లో మళ్ళీ వచ్చినట్టుంది, అందులో నిటారుగా గుచ్చి ఉంది రొసౌరా మాతె చెంచా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగకు తాళం తీసి పెట్టింది తనే. వంటింట్లో ఉన్న పంచదారనల్లా ఊడ్చేసి, రక్తంలోకి అంతకంటే వేగంగా పరుగెత్తే గ్లూకోజ్‌ను గోడవతల డబ్బా నిండా పెట్టింది. రోజూ సాయంత్రం దాన్ని తన చేత్తోనే పోసి తాగించింది.

డబ్బా తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. రొసౌరా ఉలిక్కిపడి లేచింది, డబ్బా చూసింది, కూతుర్ని చూసింది.

"అది పంచదార కాదుగా" అంది.

"అమ్మా!"

"డాక్టరు పంచదార వద్దన్నాడు. జామ్ వద్దన్నాడు. బీరు పొడి వద్దన్నాడా? నువ్వు అక్కడే ఉన్నావుగా, చెప్పు."

"నీకు తెలీదా అమ్మా? తియ్యగా ఉంటే తెలీదా? నీ కాలు తీసేస్తారే! గోడ పట్టుకుని ఆ పుండు కాలుతో కొట్టుగది దాకా ఎలా పోయావే?"

రొసౌరా కాసేపు డబ్బా అంచును గోటితో గీరింది. "తెలుసు" అంది చివరికి. "మొదటి రెండు రోజులు తెలీదనుకున్నాను. తర్వాత తెలుసు." ఆవిడ గొంతు చిన్నదైపోయింది. "పొద్దున్నే వస్తావు, వేలు గుచ్చుతావు, అంకె చూస్తావు, మొహం మాడ్చుకుని పోతావు. రాత్రి నిద్ర పట్టిందా అమ్మా అని అడిగి ఎన్నాళ్ళైందే? నువ్వు పోయాక సాయంత్రం దాకా నాకు ఆ బుర్ర తప్ప ఎవరున్నారు? అదీ చేదే అయితే దాన్నెందుకు పట్టుకోను?"

ఎర్సీలియా తిట్టాలనుకుంది. నోట్లోకి తిట్లన్నీ వచ్చాయి. తల్లి మోకాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, ఆ డబ్బాతో సహా ఆవిడ ఒళ్ళో తల పెట్టి బావురుమంది. "నేనే పెట్టానమ్మా. నా చేత్తోనే పోశాను" అని అదే మాట పదిసార్లు అంది. రొసౌరా ఆమె జుట్టు నిమురుతూ, "లే, లే, గిన్నె మాడుతుంది" అంది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయిన సంగతి ఆవిడకు తెలీదు.

మిగిలిన పొడిని ఎర్సీలియా కాలవలో గుమ్మరించింది. ఆ సాయంత్రం వెన్చో పిలవకుండానే వచ్చి, చిక్కబడిన రసంలో మరిగించి చల్లార్చిన నీళ్ళు కలిపి పన్నెండుకు దించి, ఈస్టు చల్లి, మూత బిగించి పోయాడు. ఆమె ఆ గది వైపు వెళ్ళలేదు.

సోమవారం రెండు వందల అరవై. మంగళవారం రెండు వందల పది. బుధవారం నూట ఎనభై. రెండు వారాలుగా రాని అంకె మూడు రోజుల్లో వచ్చింది! ఎర్సీలియా మీటరును ముద్దు పెట్టుకుంది. బడికి సెలవు పెట్టి తల్లి పక్కనే కూర్చుంది, నిద్ర పట్టిందా అని అడిగింది, తోట రోజుల కబుర్లు చెప్పించుకుంది. "ఇక చూడు, వెనక్కి తగ్గుతుంది" అని గంటకోసారి అనేది. రొసౌరా చేదు మాతె తాగి మూతి వంకర పెట్టేది గాని ఒక్క మాటా అనలేదు.

గురువారం పొద్దున కట్టు విప్పింది. నలుపు డాక్టరు గీసిన గీతను దాటింది. వెంట్రుక మందం బయటికి తను గీసిన దొంగ గీతనూ దాటింది. పాదం మధ్యదాకా పాకింది. వాసన కూడా వచ్చింది. ఎర్సీలియా కట్టు మళ్ళీ కట్టేసి, మళ్ళీ విప్పి చూసింది. రెండోసారీ అంతే ఉంది.

శుక్రవారం డాక్టరు వంగి చూశాడు. "నా గీత ఇదేనా?"

"కాదు" అంది ఎర్సీలియా. "నేను కొంచెం బయటికి గీశాను. భయమేసి."

ఆయన కోప్పడలేదు. కాగితాల్లో అంకెలు చూశాడు. "నూట డెబ్బై. షుగర్ బాగా దించావు. ఇదే మూడు వారాల కిందట..." అని ఆపి, పెన్ను మూత పెట్టాడు. "రేపు పొద్దున తీసేద్దాం. చీలమండ పైనుంచి."

తీసేశారు.

నాలుగో రోజున రొసౌరా దిండ్లకు ఆనుకుని కూర్చోగలిగింది. దుప్పటి ఒక వైపు నిండుగా, ఒక వైపు చదునుగా ఉంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. ఎర్సీలియా బుర్రలో ఆకు వేసి, ఫ్లాస్కు మూత తీసింది.

"ఆగు" అంది తల్లి. "ఆ ఇనప గొట్టం తెచ్చావా?"

"ఎందుకమ్మా?"

"ముందు చూడు. తర్వాత పొయ్యి."

"వద్దమ్మా. నీళ్ళు నేనే పోశాను. నాకు తెలుసు."

"అప్పుడూ నువ్వే పోశావుగా. చూడవే. నువ్వు నమ్మాలి."

గొట్టం సంచిలోనే ఉంది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఎందుకు వేసుకుందో ఎర్సీలియా తనలో తాను కూడా ఒప్పుకోలేదు. చెంచాలో చల్లార్చి చుక్క వేసి, కిటికీ వైపు తిరిగి కన్ను పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు నిండి నీలమూ తెలుపూ కలిసిపోయాయి. తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఎంత?"

"సున్నా."

"ఇటు తే, నేనూ చూస్తాను." రొసౌరా ఇన్నేళ్ళలో ఆ గొట్టంలోకి చూడటం అదే మొదటిసారి. కన్ను చికిలించి, చాలాసేపు అలాగే పట్టుకుంది. "ఈ గీతేనా? దీని కోసమేనా ఇన్నాళ్ళూ?" అంది. "గొర్రె వచ్చుంటే బాగుండేదే." ఎర్సీలియాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బుర్ర నింపి అందించింది. రొసౌరా రెండు చేతులతో పట్టుకుని, మూతి వంకర పెట్టకుండా, మాతె గొట్టం గరగరమనేదాకా చివరి చుక్క వరకూ పీల్చింది. ఎర్సీలియా ఫ్లాస్కు వంచి, రెండోసారి పోయడానికి చెయ్యి చాపింది. ఫ్లాస్కు నిండుగా ఉంది.

తల్లి బుర్రను ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "గ్రాసియాస్" అంది.